నల్లని గాజు కథ

1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలంగాణము మీదుగా సాగిపోయినది. ఆనాడు హైదరాబాదునకు సమీపముననున్న జపాలు-రంగాపురము వేధశాలలో శాస్త్రజ్ఞులు తమ యంత్రములతో వేచియుండగా, పల్లెలలో అనేకులు తలుపులు మూసికొని ఇండ్లలోనే కూర్చుండిరి. కొందఱు పిల్లలు మాత్రము పగిలిన గాజుపెంకును కిరసనాయిలు దీపముపై పట్టి, దాని కంటిన మసిచాటున సూర్యుని చూచిరి. ఈ మాటలు వినువారిలో చిన్ననాడు అట్టి పని చేసినవారు లేకపోరు. అది ఎంత అపాయకరమో పిదప చెప్పెదను. ఆ మసిగాజు జాతికి చెందినదే నేడు ఛాయాచిత్రకారులు తమ కెమేరా కంటికి తగిలించు నల్లని గాజు. దానిని వారు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరు అందురు. న్యూట్రల్ అనగా ఏ రంగునకును పక్షపాతము చూపనిదని అర్థము. ఎఱుపును, పచ్చను, నీలమును ఒకే పాలు తగ్గించుటయే దాని ధర్మము. తీర్పు చెప్పు పెద్దమనిషికి ఉండవలసిన గుణమే అది.

అట్టి గాజును వెదకినవారిలో ముఖ్యుడు విలియం హెర్షెలు. 1781లో యురేనసు గ్రహమును కనుగొన్న ప్రఖ్యాతుడు. దూరదర్శినితో సూర్యబింబమును పరిశీలింపగోరి, 1800 ప్రాంతమున ఇంగ్లండు దేశమునందు రంగురంగుల గాజులను ఒకదాని తరువాత నొకటి పరీక్షించెను. అప్పుడొక వింత ఆయనకు గోచరించెను. కొన్ని గాజులనుండి వెలుగు కొంచెమే వచ్చుచున్నను కంటికి వేడి తగులుచుండెను. మఱికొన్నిటినుండి వెలుగు మెండుగా వచ్చినను వేడి తెలియదయ్యెను. ఇతరుడైనచో మంచి గాజును ఏరుకొని ఊరకుండెడివాడు. హెర్షెలు అట్లు చేయక, పట్టకముచే సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగున ఉష్ణమాపకమును ఉంచి చూచెను. ఎఱుపునకు ఆవల, కంటికి ఏమియు కానరాని చోట, వేడి అధికముగా నుండెను. పరారుణ కిరణములు లోకమునకు తెలిసిన విధమిది. నల్లని గాజు కొఱకు వెదకుచుండగా దొరకిన నిధి యనవచ్చును.

ఆయన అంతటితో తృప్తి పడలేదు. రంగుగాజులో చూచిన సూర్యుడు ఆ రంగుననే కనబడును గదా! మఱుసటి సంవత్సరము గాజులకు బదులు ద్రవములను పరీక్షించి, వ్రాతసిరాను నీటిలో పలుచగా కలిపి వడగట్టి, దానిగుండ చూచెను. సూర్యబింబము మంచువలె తెల్లగా కనబడెను. పక్షపాతము లేని నలుపు ఆయనకు సిరాబుడ్డిలో చిక్కినది!

ఛాయాచిత్రకళ అప్పటికింకను పుట్టలేదు. అది పుట్టిన తొలిదినములలో దాని కొఱత వెలుగు తగ్గించుట కాదు, చాలినంత వెలుగు దొరకుటయే. 1838లో పారిసు నగరమున డాగ్వేరు అను నతడు ఒక పెద్దవీథిని చిత్రించెను. బండ్లును, గుఱ్ఱములును, జనులును ఎడతెగక సాగు వీథియది. ఆనాటి రేకు మందకొడిదగుటచే కొన్ని నిమిషములపాటు దానిపై వెలుగు పడవలసి వచ్చెను. కదలినదేదియు దానిపై నిలువలేదు. చిత్రము సిద్ధమగునప్పటికి వీథి శూన్యము; ఒక మూల బూట్లు తుడిపించుకొనుటకై కదలక నిలిచిన మనుష్యుడొకడు మాత్రము మిగిలెను. ఛాయాచిత్రమున చిక్కిన తొలి మానవునిగా చెప్పబడువాడు ఇతడే. ఇతని పేరెవ్వరికిని తెలియదు.

క్రమముగా పలకలు చురుకైనవి. 1851లో ఆర్చరు అను ఆంగ్లేయుడు తడిపలక పద్ధతిని ప్రకటించెను. మన గుంటూరు పేరు శాస్త్రచరిత్రలో కెక్కినది అట్టి పలకల కాలముననే. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఆంగ్లేయుల పక్షమున టెనెంటు, ఫ్రెంచివారి పక్షమున జాన్సెను గుంటూరునకు వచ్చిరి. బందరున మదరాసు వేధశాలకు చెందిన పాగ్సను ఉండెను. టెనెంటు బృందమువారు గ్రహణము పూర్ణముగా నున్న కొలది నిమిషములలో ఆఱు పలకలపై చిత్రములు తీసిరి. అప్పుడు నల్లని గాజుతో పనిలేదు, చంద్రుడే అడ్డుగాజు. జాన్సెను మఱునాడు, గ్రహణము లేకుండగనే, సూర్యుని అంచున లేచు జ్వాలల రేఖలను వర్ణదర్శినిలో చూచెను. అందు చుట్టుప్రక్కల ఆకాశపు వెలుగు పలు రంగులుగా పఱచుకొని పలుచబడును. జ్వాలల వెలుగు కొలది రేఖలలోనే నిలిచి ప్రకాశించును. న్యూట్రల్ గాజు అన్నిటిని సమముగా తగ్గించుటచే ఈ కార్యము దాని వలన కాదు.

ఎంత వెలుగు తగ్గినదో సంఖ్యలో చెప్పు విధమును చక్కగా స్థాపించినవారు ఇరువురు కర్మాగారపు మిత్రులు. ఇంగ్లండులో విడ్నెసు అను క్షారపరిశ్రమల పట్టణమున హర్టరు రసాయనవేత్త, డ్రిఫీల్డు ఇంజనీరు. తీరిక వేళల ఫోటోలు తీయు సరదాతో ఆరంభించి, పలకపై నలుపును కొలుచుటకు పూనిరి. 1890లో తమ ఫలితములను ప్రకటించిరి. వారి లెక్కలో సగము వెలుగును పోనిచ్చు నలుపునకు సాంద్రత 0.3. అట్టివి రెండు చేర్చిన 0.6, వెలుగు పావువంతు. మూడు చేర్చిన 0.9, వెలుగు ఎనిమిదవ వంతు. వెనుకటి రూపాయి లెక్కలో చెప్పవలెనన్న, పదునాఱణాలు ఎనిమిదై, నాలుగై, రెండైనట్లు. సాంద్రతలను కూడిన చాలును, గుణకారపు బెడద లేదు. సాంద్రత 3 అయినచో వేయింట ఒక పాలు వెలుగే ఆవలకు పోవును.

పలకలు, ఫిల్ములు ఇంకను చురుకైన పిదప కథ తిరుగబడినది. సెకనులో నూఱవవంతున చిత్రము తీయగలిగినవారు, ఎండలో ఎక్కువసేపు కెమేరా కన్ను తెఱచియుంచుటకు వీలులేక బాధపడిరి. అందులకే నల్లని గాజు. వేయింట ఒక పాలు పోనిచ్చు గాజు తగిలించినచో, సెకనులో ముప్పదవ వంతు చాలిన చోట ముప్పది సెకనులకు పైగా పట్టును. అప్పుడు జలపాతము పాలనురుగు వలె నగును, నడచిపోవు జనులు మాయమగుదురు. డాగ్వేరు విధిలేక పొందిన శూన్యవీథిని నేటివారు సొమ్మిచ్చి కొనుచున్నారని నాకు అప్పుడప్పుడు నవ్వు వచ్చును. చలనచిత్రములవారికి మాత్రము అది వేడుక కాదు. వారి యంత్రము సెకనునకు ఇన్ని బొమ్మలని నియమముగా తిరుగవలెను గనుక, మండుటెండలో వెలుగును గాజుతో తగ్గింపక తప్పదు.

ఇక మొదట చెప్పెదనన్న మాట. మసిగాజైనను, ఎక్సురే ఫిల్మైనను, కెమేరా గాజైనను సూర్యుని చూచుటకు పనికిరావు. గ్రహణపు కండ్లద్దములకు నేడున్న అంతర్జాతీయ ప్రమాణము లక్షలో సుమారు మూడు పాళ్లకు మించి వెలుగు పోనీయదు. వేయింట ఒక పాలనగా లక్షకు నూఱు. ముప్పది రెట్లు అధికము! అంతేకాదు, కెమేరా గాజులలో అనేకములు కంటికి కనబడు రంగులయెడనే సమదృష్టి గలవి. హెర్షెలు కనుగొన్న ఆ కానరాని కిరణములను ధారాళముగా పోనిచ్చును. కంటి లోపొరకు నొప్పి తెలియదు. కాలినను చూచువానికి ఆ క్షణమున ఏమియు తోచదు.

మనుమలు గ్రహణము చూపుమని పట్టుపట్టినచో ప్రమాణము గల కండ్లద్దములు తెప్పింపుడు. అవి లేకున్న, సూర్యునికి వీపు త్రిప్పి తాటాకు పందిరి క్రింద నేలను చూపుడు. ఆకుసందులనుండి పడు వెలుగుచుక్కలు నిత్యము గుండ్రముగా నుండునవి, ఆ వేళ ఒక్కొక్కటియు నెలవంకయై కనబడును.