మలావీ సిక్లిడ్ల అక్వేరియం

మలావీ సిక్లిడ్ల అక్వేరియం అనగా ఆఫ్రికా ఖండంలోని మలావీ సరస్సుకు చెందిన సిక్లిడ్ చేపలను ఇంటిలో పెంచడానికి ఏర్పాటు చేసుకునే పెద్ద గాజు తొట్టి. ఆ సరస్సులో రాళ్ళ మధ్య నివసించే ఎంబునా అనే వర్గపు చేపలను ఇందుకు ఎక్కువగా ఎంచుకుంటారు. సముద్రపు చేపలను తలపించే నీలం, పసుపు, నారింజ రంగులు ఉండి కూడా మంచినీటిలోనే బ్రతకడం వీటి ప్రధాన ఆకర్షణ. అయితే ఇవి కలహశీలమైన చేపలు. ఏ జాతులను, ఎన్నింటిని, ఏ వరుసలో వేయాలో తెలియక మొదలుపెట్టిన తొట్టిలో కొన్ని నెలలకు ఒకటి రెండు బలమైన మగచేపలు మాత్రమే మిగలడం తరచుగా జరిగేదే.

సహజ నివాసం

మలావీ సరస్సు మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య ఉంది. దీని పొడవు సుమారు 570 కిలోమీటర్లు, గరిష్ఠ లోతు సుమారు 700 మీటర్లు. ఇందులో వందలాది సిక్లిడ్ జాతులు ఉన్నాయి. వాటిలో అత్యధికం ప్రపంచంలో మరెక్కడా లేవు. సరస్సు దక్షిణ భాగంలోని మలావీ సరస్సు జాతీయ ఉద్యానవనాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ఎంబునా అనే మాటకు స్థానిక టోంగా ప్రజల భాషలో రాతి చేప అని అర్థం. ఇవి రాళ్ళపై పెరిగే నాచును, దానిలోని సూక్ష్మజీవులను గీకి తింటాయి. ప్రతి మగచేప ఒక రాతి సందును తనదిగా చేసుకొని, ఇతర మగచేపలను, ముఖ్యంగా తన రంగును పోలిన వాటిని తరిమివేస్తుంది. సరస్సులో ఓడిన చేప పారిపోవడానికి కావలసినంత చోటు ఉంటుంది. గాజు తొట్టిలో ఆ అవకాశం లేదు. పెంపకంలో వచ్చే చిక్కులలో చాలా వాటికి మూలం ఇదే.

తెలుగువారికి బాగా తెలిసిన తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడ్లలోనిదే. మొజాంబిక్ తిలాపియాను 1952లో భారతదేశానికి తీసుకువచ్చారు. దుకాణాలలో ఎక్కువ ధర పలికే ఫ్లవర్‌హార్న్ కూడా సిక్లిడే కాని, అది అమెరికా ఖండపు సిక్లిడ్ల నుండి మనుషులు సృష్టించిన సంకర చేప. దానిని ఎంబునాలతో కలిపి ఉంచరాదు.

తొట్టి, రాళ్ళు

ఈ చేపలకు తొట్టి ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. నాలుగు అడుగుల పొడవును కనీసంగా భావించవచ్చు. ఆరు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు గల తొట్టిలో సుమారు 680 లీటర్ల నీరు పడుతుంది. నీటి బరువే 680 కిలోలు. గాజు, రాళ్ళు, ఇసుక కలిపితే మొత్తం టన్నుకు చేరువవుతుంది. కనుక పై అంతస్తులలో పెట్టేవారు దూలం మీదుగా లేదా గోడ వెంబడి ఉంచడం, వీలైతే ముందుగా ఇంజనీరును అడగడం మంచిది.

ఎంబునాలు ఇసుకను నిరంతరం తవ్వుతాయి. ఇసుక పోసి దానిపై రాళ్ళు పేరిస్తే, అవి తవ్విన చోట రాళ్ళు దొర్లి గాజు పగలవచ్చు. అందువలన రాళ్ళను ముందు తొట్టి అడుగున పేర్చి, ఆ తరువాతే ఇసుక పోస్తారు. కడప, తాండూరు ప్రాంతాలలో దొరికే నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది కనుక నీటి కాఠిన్యం తగ్గకుండా కొంత తోడ్పడుతుంది. దాని పదునైన అంచులను మాత్రం అరగదీయాలి. గుహలు, సందులు ఎంత ఎక్కువగా ఉంటే ఓడిన చేపకు అంత రక్షణ.

నీరు

మలావీ సరస్సు నీరు క్షార స్వభావం గలది. దాని పీహెచ్ 7.7 నుండి 8.6 వరకు, పైభాగపు ఉష్ణోగ్రత సుమారు 23 నుండి 28 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. దక్కను పీఠభూమిలో అనేక చోట్ల లభించే కఠినమైన బోరు నీరు ఇతర అక్వేరియం చేపలకు ఇబ్బంది కలిగించినా వీటికి నప్పుతుంది. తాగునీటి యంత్రాలలో శుద్ధి చేసిన నీరు లవణాలు కోల్పోయి ఉంటుంది కనుక వీటికి పనికిరాదు. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను హైపోతో, అనగా సోడియం థయోసల్ఫేట్‌తో, తొలగించాలి.

క్షార జలంలో ఒక ప్రమాదం ఉంది. చేపలు విసర్జించే అమ్మోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్ పెరిగేకొద్దీ పెరుగుతుంది. 28 డిగ్రీల వద్ద పీహెచ్ 7 అయితే ఈ భాగం ఒక శాతం లోపే ఉంటుంది, పీహెచ్ 8.2 అయితే సుమారు 10 శాతం. అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే ముప్పై చేపలు వేస్తే అవి ఒకదానితో ఒకటి పోరాడక ముందే నీరు వాటిని చంపుతుంది. ఫిల్టరు గంటకు తొట్టి నీటికి కనీసం ఆరు రెట్లు నీటిని వడగట్టాలి. వారానికి పావు వంతు నుండి మూడవ వంతు వరకు నీటిని మార్చాలి.

జాతుల ఎంపిక, సంఖ్య

చేపలు తక్కువగా ఉంటే తొట్టి ప్రశాంతంగా ఉంటుందన్నది సాధారణ నమ్మకం. ఎంబునాల విషయంలో ఇది తరచుగా తప్పు. ఆరు అడుగుల తొట్టిలో ఎనిమిది చేపలే ఉంటే, బలమైన మగచేప తొట్టి మొత్తాన్ని తనదిగా భావించి, బలహీనమైన ఒక్క చేపనే అది చనిపోయే వరకు వెంటాడుతుంది. ముప్పై అయిదు, నలభై ఉన్నపుడు ఏ ఒక్కటీ పూర్తి ఆధిపత్యం సాధించలేదు, దాడి ఏ ఒక్కదానిపైనా నిలవదు. కొంత మేర కిక్కిరిసి పెంచడం అనే ఈ పద్ధతికి హద్దు నిర్ణయించేది తొట్టి కొలత ఒక్కటే కాదు, ఫిల్టరు సామర్థ్యం, నీళ్ళు మార్చేవారి ఓపిక కూడా. వారం వారం నీరు మార్చలేనివారు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మేలు.

ప్రతి జాతిలో ఒక మగచేపకు కనీసం మూడు ఆడచేపలు ఉండాలి. లేకపోతే మగచేప వేధింపు ఒకే ఆడచేపపై పడుతుంది. పిల్లచేపలలో ఆడ, మగ గుర్తించడం కష్టం కనుక ఒక్కొక్క జాతివి ఎనిమిది నుండి పది పిల్లలను కొని, పెరిగాక అదనపు మగచేపలను తీసివేస్తారు. రంగులోను, చారలలోను ఒకదానినొకటి పోలని జాతులను ఎంచుకోవాలి.

ఆరు అడుగుల తొట్టికి నప్పే ఒక కూర్పు: పసుపు రంగు లాబిడోక్రోమిస్ సెరూలియస్ ఎనిమిది, తుప్పు రంగులో ఉండే సాధు స్వభావపు అయోడోట్రోఫియస్ స్ప్రెంగెరే ఎనిమిది, పసుపు తోక గల ఊదా నీలం రంగు ఏసీ ఎనిమిది, నీలంపై నల్లని అడ్డ చారలు గల డెమసోని పన్నెండు. డెమసోని పది సెంటీమీటర్లు కూడా పెరగని చిన్న చేపే కాని, తన జాతి చేపల పట్ల అతి క్రూరంగా ప్రవర్తిస్తుంది. అయిదారు డెమసోనిలను పెంచితే చివరకు ఒకటే మిగలవచ్చు. అందుచేత దానిని పన్నెండుకు తక్కువ కాకుండా వేయాలి, లేదా అసలు వేయరాదు. మెలనోక్రోమిస్ ఆరటస్ దుకాణాలలో చవకగా దొరికే అందమైన చేప. పిల్లలు పసుపు, నలుపు చారలతో ముచ్చటగా ఉంటాయి. పెరిగిన మగచేప ముదురు రంగుకు మారి తొట్టిలోని ఇతర జాతులను కూడా చంపగలదు. కొత్తవారు చేసే పొరపాట్లలో దీనిని కొనడం మొదటిది.

శాంత స్వభావం గల జాతులను ముందు, డెమసోని వంటి వాటిని చివర వేయాలి. కొత్త చేపలను వేసే ప్రతిసారీ రాళ్ళ అమరికను మార్చితే పాత చేపలు తమ హద్దులను మరల వెతుక్కోవలసి వస్తుంది, ఆ సమయంలో కొత్తవి నిలదొక్కుకుంటాయి. టాంగన్యీకా, విక్టోరియా సరస్సుల చేపలను ఎంబునాలతో కలపడం సాధ్యమే అయినా స్వభావాలు, ఆహారం వేరు కనుక అనుభవం లేనివారికి తగదు.

ఆహారం

నాచు తినే చేపలు కనుక ఎంబునాల పేగులు పొడవుగా ఉంటాయి. స్పిరులినా కలిసిన మేత, ఉడికించిన బఠాణీ, పాలకూర వీటికి తగినవి. మాంసం, ఎర్రపురుగులు ఎక్కువగా పెడితే పొట్ట ఉబ్బి, మేత మాని, కొద్ది రోజులలో చనిపోయే వ్యాధి వస్తుంది. దీనిని మలావీ బ్లోట్ అంటారు. ఒత్తిడి, చెడిన నీరు కూడా దీనికి దోహదం చేస్తాయి.

ప్రత్యుత్పత్తి, సంకరం

ఆడచేప గుడ్లను పెట్టిన వెంటనే నోటిలోకి తీసుకుంటుంది. మగచేప పాయువాజంపై గుడ్లను పోలిన పసుపు చుక్కలుంటాయి. వాటిని అందుకోబోయినపుడు వీర్యం ఆమె నోటిలోకి చేరి గుడ్లు ఫలదీకరణం చెందుతాయి. సుమారు మూడు వారాలు ఆమె దాదాపు ఏమీ తినకుండా పిల్లలను నోటిలోనే పొదుగుతుంది.

దగ్గరి జాతులు ఒకే తొట్టిలో ఉంటే సంకర పిల్లలు పుడతాయి. పసుపు లాబిడోక్రోమిస్, నారింజ రంగు జీబ్రా ఎస్థెరే జాతుల సంకరం అక్వేరియంలలో సామాన్యం. పిల్లలు చూడడానికి పసుపు లాబిడోక్రోమిస్ వలెనే ఉండడంతో ఆ పేరుతోనే అమ్ముడుపోయి అసలు జాతి మసకబారుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఒకే దిబ్బ చుట్టూ నివసించే సౌలోసి అనే జాతి అక్వేరియం వ్యాపారం కోసం పట్టడం వలన సరస్సులో తీవ్రంగా తగ్గిపోయింది. ఇటువంటి జాతులకు తొట్టులలోని స్వచ్ఛమైన సంతతి విలువైనది. సంకర పిల్లలను, అదనపు మగచేపలను చెరువులలో వదలరాదు. అక్వేరియంల ద్వారా వచ్చిన దెయ్యం చేప ఆంధ్ర ప్రదేశ్ చెరువులలో చేపల రైతులకు ఇప్పటికే బెడదగా మారింది.

వేసవి, విద్యుత్ కోత

వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. కిక్కిరిసిన తొట్టిలో వేసవి మధ్యాహ్నం కరెంటు పోతే మొదట ఉక్కిరిబిక్కిరయ్యేవి పెద్ద చేపలే. అవి నీటి పైభాగానికి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తూ ఉంటాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపును సిద్ధంగా ఉంచుకోవాలి. కరెంటు వచ్చే వరకు మేత వేయరాదు. చాలా గంటలు ఆగిన మూసి ఉన్న ఫిల్టరులో బ్యాక్టీరియా చనిపోయి నీరు కుళ్ళుతుంది కనుక దానిని నేరుగా నడపకుండా, ముందు లోపలి నీటిని పారబోసి, స్పాంజిని తొట్టి నీటితోనే కడిగి, ఆ తరువాత ఆన్ చేయాలి.