శిల్పము చూపనిది, అక్షరము చెప్పినది

ప్రాచీన గ్రీకుల చిత్రిత మృత్పాత్రలపై బొమ్మ ప్రక్కనే అక్షరము కనిపించుట ప్రసిద్ధము. క్రీ. పూ. 570 ప్రాంతమునాటి ఫ్రాంస్వా కలశము నేడు ఫ్లారెన్సు నగరమున ఉన్నది. దానిపై పురాణవీరుల పేర్లేగాక చిత్రకారుడైన క్లీటియాస్ పేరు, కుమ్మరియైన ఎర్గోటిమోస్ పేరును కలవు. మన దేశమున దీనికి సాటి చూడగోరువారు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియమునకు పోవలెను.

అచ్చట భర్హుత్ స్తూపముయొక్క ఎఱ్ఱరాతి ప్రాకారము కలదు. అది క్రీ. పూ. 2వ శతాబ్ది ప్రాంతమునాటిది. నేటి మధ్యప్రదేశమున 1873లో కన్నింగ్‌హామ్ దానిని గుర్తించెను. దానిపై ఇన్నూటికి మించి బ్రాహ్మీ లేఖనములు కలవు. 1837లో కలకత్తాలోనే ప్రిన్సెప్ ఆ లిపి గుట్టు విప్పియుండుటచే, ఆ రాళ్లు బయటపడగనే పలుకజొచ్చినవి.

ఒక ఫలకమున ఎడ్లబండి, నేలపై పఱచిన చదరపు నాణెములు, జలకలశము పట్టిన పురుషుడు కనిపింతురు. చూచువానికి ఇది వర్తకమో, దానమో తెలియదు. కోట్ల ధనము పఱచి కొన్న జేతవనమును అనాథపిండికుడు దానమిచ్చుచున్నాడని లేఖనము తెలుపును. మఱియొక ఫలకమున ఏరాపత్ర నాగరాజు మోకరిల్లియున్నాడు. అతని యెదుట ఉన్నవి చెట్టు, ఆసనము మాత్రమే. అతడు భగవానునికి నమస్కరించుచున్నాడని అక్షరము చెప్పును. బుద్ధుని మానుషరూపమును శిల్పి ఏల చూపలేదని పండితులు నేటికిని వాదించుచున్నారు. కాని చూపనిదానిని చెప్పు భారము అక్షరముపై పడినదనుట స్పష్టము.

ఒక జాతకశిల్పమునకు గాథలోని తొలిపలుకులే పేరుగా చెక్కబడినవి. మనము పద్యమును ఎత్తుగడతో గుర్తుచేయుట యిట్టిదే. కథ నెఱిగిన శ్రోత ముందుగా ఉన్నగాని అట్టి పేరు పనిచేయదు.

ఈ సంప్రదాయము దక్షిణమునకును వచ్చినది. కర్ణాటకమున సన్నతి సమీపమందలి కనగనహళ్లిలో 1990 తరువాత జరిగిన త్రవ్వకములలో అశోకుని మూర్తియు, శాతవాహన రాజుల మూర్తులును పేళ్లతోకూడ లభించినవి. పేరు లేనిచో ఆ రాజు అశోకుడని ఎవరు చెప్పగలరు?

గ్రీకు చిత్రకారుడు తాను చిత్రించితినని వ్రాసికొనెను. భర్హుత్‌లో దాతల పేళ్లు పెక్కు: భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు. తోరణములపై పనివారు ఖరోష్ఠీలో చెక్కిన ఒంటి అక్షరములు మాత్రము కలవు. బుద్ధరక్షితుడను శిల్పి పేరొక్కటి దొరకుచున్నది. అదియును ఈ శిల్పమును చెక్కినవాడుగా కాదు, దానమిచ్చినవాడుగా. ఆ ప్రాకారముపై కర్త పేరు నిలుచుటకు అతడు దాతయు కావలసివచ్చెను.