పుట్టిన రోజు చెప్పే మనిషి: సూలగిత్తి నరసమ్మ యాదిలో

మా ఈడు వాళ్లలో చాలామందికి బడి రిజిస్టరులో ఉన్న పుట్టిన తేదీ పంతులు వేసిందే. బడిలో చేర్చుకునే రోజున పిల్లవాడి ఎత్తు చూసి, పళ్లు చూసి, జూన్ నెలలో ఏదో ఒక తేదీ రాసేవారు. నిజంగా ఎప్పుడు పుట్టామో తెలుసుకోవాలంటే మంత్రసానిని అడగాలి. ఇప్పపువ్వు రాలే రోజులని, ఫలానా ఇంటి పిల్ల కంటే మూడు రోజులు చిన్నవాడివని ఆమె చెప్పేది. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. అయినా మన గూడేలకు చాలాకాలం ఆమే రిజిస్టరు.

మేమిప్పుడు ఉంటున్నది కాప్రాలో. పక్కనే నాచారం, ఉప్పల్. పనుల కోసం, చదువుల కోసం ఇక్కడికి వచ్చిన మన కుటుంబాల పిల్లలు దవాఖానల్లోనే పుడుతున్నారు. తేదీ, గంట, బరువు అన్నీ కాగితం మీద ఉంటున్నాయి. అది మంచిదే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, ఆధార్‌కైనా జనన ధృవీకరణ పత్రమే ఆధారం. కానీ మంత్రసాని అంటే ఎవరని ఈ పిల్లలను అడిగితే, మంత్రాలు చదివే ఆవిడా అని తిరిగి మమ్మల్నే అడుగుతున్నారు. అందుకే ఈ వ్యాసం.

ఊరికొక మంత్రసాని ఉన్న దేశం మనది. కానీ చరిత్రలో పేరు మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఒకరు సూలగిత్తి నరసమ్మ. కన్నడంలో సూలగిత్తి అంటే మంత్రసాని. చేసిన పనే ఆమెకు ఇంటిపేరయింది. ఆమెది కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, కృష్ణాపుర. పావగడ మూడు వైపులా ఆంధ్ర నేలే. అక్కడి ఇళ్లలో, సంతల్లో తెలుగు వినిపిస్తుంది. వానలు తక్కువ పడే మెట్ట సీమ అది.

నరసమ్మ 1920లో పుట్టారు. పన్నెండేళ్లకే పెళ్లి చేశారు. బడి చదువు లేదు. ఆమెకు పని నేర్పింది వాళ్ల అవ్వ. ఆ అవ్వ కూడా మంత్రసానే. నరసమ్మ సొంత కాన్పుల్లో ఐదింటికి ఆ అవ్వే పురుడు పోసింది. అంటే నరసమ్మ ఈ విద్యను ముందు తన ఒంటి నొప్పితో తెలుసుకుని, తరువాత చేతులతో నేర్చుకున్నారు. 1940లో, ఇరవై ఏళ్ల వయసులో, బంధువు కాన్పుతో ఆమె పని మొదలైంది.

మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇంకొకటుంది. గర్భిణులకు ఇచ్చే ఆకు మందుల తయారీని నరసమ్మ తమ ఊరికి వచ్చిపోయే సంచార తెగల వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఊరి చివర గుడారం వేసుకుని, నాలుగు రోజులుండి వెళ్లిపోయే వాళ్లను మన పుస్తకాలు ఎలా చూపిస్తాయో మనకు తెలుసు. కానీ తరువాత పద్మశ్రీ అందుకున్న మనిషికి వాళ్లూ గురువులే. ఆ గురువుల పేర్లు ఎక్కడా లేవు.

పొట్ట మీద చెయ్యి ఆనించి బిడ్డ తల ఎటుందో, నాడి ఎలా ఆడుతోందో ఆమె చెప్పగలిగేవారని ప్రతీతి. డెబ్భై ఏళ్లలో 15 వేలకు పైగా కాన్పులు చేశారంటారు. లెక్క కడితే రెండు రోజులకు ఒకటి కంటే ఎక్కువే. దేనికీ డబ్బు తీసుకోలేదు.

గుర్తింపు మాత్రం తొంభై ఏళ్లు దాటాకే వచ్చింది. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరు 25న బెంగళూరులో ఆమె కన్నుమూశారు.

పాత రోజులన్నీ బంగారమని మేం చెప్పడం లేదు. నరసమ్మ కన్న పన్నెండు మందిలో నలుగురు చిన్నతనంలోనే పోయారు. నెత్తురు ఆగకపోతే, బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతులు చాలవు. రక్తం ఎక్కించాలి, ఆపరేషన్ చేయాలి. 2005లో జననీ సురక్ష యోజన, 108 అంబులెన్సులు వచ్చాయి. దవాఖాన కాన్పులు పెరిగాయి. 2018–20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు చనిపోతున్న తల్లులు దేశంలో 97 మంది, తెలంగాణలో 43 మంది. ఇది చిన్న విజయం కాదు. ఇప్పటికీ డోలీ కట్టి గర్భిణిని మోసుకెళ్లే కొండ ఊళ్లు ఉన్నాయి. వాళ్లకు కావలసింది రోడ్డు, దవాఖాన.

అయితే ఈ మార్పులో ఒకటి జారిపోయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోతతోనే జరిగాయి. దేశం మొత్తం మీద అది 21.5. అవసరమైనప్పుడు కోత ప్రాణం నిలబెడుతుంది. కానీ మన రాష్ట్రంలో పదిమంది తల్లుల్లో ఆరుగురికి అది అవసరమని ఎవరు నమ్ముతారు? నొప్పులు వచ్చిన మనిషి పక్కన రాత్రంతా కూర్చుని, నడుము రాసి, నడిపించి, ధైర్యం చెప్పి, సమయం వచ్చేదాకా ఆగడం మంత్రసాని చేసిన అసలు పని. ప్రభుత్వాలకూ ఇది అర్థమవుతోంది. 2017లో కరీంనగర్ ప్రభుత్వ దవాఖానలో నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. ఆ పేరు కొత్తది. ఆ ఓపిక మన అవ్వలది. మన ఆడపిల్లలు నర్సింగ్ చదివి ఆ శిక్షణలో చేరితే, అవ్వల విద్య చదువుతో కలిసి మళ్లీ మన చేతికి వస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. దసరా, సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. మీకు పురుడు పోసింది ఎవరో అమ్మను అడగండి. ఆ అవ్వ బతికి ఉంటే వెళ్లి దగ్గర కూర్చోండి. పని ఎవరి దగ్గర నేర్చుకుందో, మొదటి కాన్పు ఎవరిదో, ఏ కాన్పుకు భయపడిందో, ఎప్పుడు దవాఖానకు పంపిందో అడిగి రాసుకోండి. ఆకుల పేర్లు, వేర్ల పేర్లు మన భాషలో ఎలా పలుకుతారో అలాగే రాయండి. అవి రాసిపెట్టడానికే, డాక్టరును అడగకుండా ఎవరికీ ఇవ్వడానికి కాదు. ముందుగా ఆమె పేరు పూర్తిగా రాయండి. చాలా ఊళ్లలో ఆమెను మంత్రసాని అవ్వ అనే పిలిచారు తప్ప, పేరు అడిగినవాళ్లు లేరు.

నరసమ్మ పేరు నిలిచింది. ఆమెకు ఆకు మందు నేర్పిన వాళ్ల పేర్లు పోయాయి. మనం పుట్టినప్పుడు మొదట చేతుల్లోకి తీసుకున్న మనిషి పేరు కూడా అలా పోకూడదు. ఆమె మన పుట్టిన రోజులు గుర్తుపెట్టుకుంది. ఆమె పేరు రాసిపెట్టడం మన వంతు.