ప్రయోగశాల నుంచి డిగ్లీపూర్ జెట్టీ దాకా

ఈ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యవర్గం వారు కోరారు. యుద్ధాల గురించి, వీరుల గురించి మనవాళ్లు ప్రతి ఏటా చక్కగా రాస్తూనే ఉన్నారు. అందుకని నేను ఈసారి వేరే విషయం ఎత్తుకున్నాను. పరిశోధన సంస్థలకు ప్రభుత్వం కోట్లకు కోట్లు పోస్తుంది కదా, అందులో సామాన్యుడి జేబులోకి తిరిగొచ్చేది ఎంత? ఈ ప్రశ్న మెస్సులో, రైల్లో, ఊళ్లో రచ్చబండ దగ్గర ఎన్నోసార్లు విన్నాను. నాకు తెలిసిన జవాబు ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో దొరికింది. 2011 నుంచి 2013 వరకు దీవుల్లో ఉద్యోగం చేశాను. అందులో కొన్ని నెలలు డిగ్లీపూర్ డిటాచ్‌మెంట్‌లో గడిచాయి.

అటు పోస్టింగ్ పడని సోదరుల కోసం నాలుగు మాటలు. డిగ్లీపూర్ అండమాన్ ట్రంక్ రోడ్డుకు ఉత్తరపు కొస. పోర్ట్ బ్లెయిర్ నుంచి (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) బస్సెక్కితే రోజంతా ప్రయాణమే. పక్కనే 732 మీటర్ల సాడిల్ పీక్, దీవులన్నిటిలోకీ ఎత్తైన కొండ. కిందికి వస్తే కల్పాంగ్ వాగు. దాని మీద 2001లో 5.25 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం వచ్చింది. అంతకుముందు అక్కడి దీపాలన్నీ డీజిలు మీదే వెలిగేవి. మరోవైపు ఏరియల్ బే రేవు.

ఈ ఊరు పుట్టిందే కాందిశీకుల కోసం. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను 1949 నుంచి అండమాన్‌కు తరలించారు. 1950ల్లో ఉత్తర అండమాన్ అడవి కొట్టి వాళ్లకు భూములిచ్చారు. ఒక్కో కుటుంబానికి ఐదెకరాల పల్లం, ఐదెకరాల మెట్ట. సీతానగర్, సుభాష్‌గ్రామ్, రామకృష్ణగ్రామ్, రాధానగర్ అన్న పేర్లన్నీ అలా వచ్చినవే. మనవాళ్లూ తక్కువ లేరు. 2011 జనాభా లెక్కల్లో దీవుల మొత్తం జనం 3,80,581 అయితే, అందులో 13 శాతం పైచిలుకు తెలుగువాళ్లు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకారులు, కూలీలు. మాది విజయనగరం జిల్లా కావడంతో ఏరియల్ బే జెట్టీ మీద ఆ యాస చెవిన పడగానే ప్రాణం లేచొచ్చేది.

పరిశోధన అనగానే మనకు క్షిపణులు, ట్యాంకులు గుర్తొస్తాయి. నిజానికి ఫౌజీ పొట్టలోకి వెళ్లిన పరిశోధన కూడా ఉంది. 1961లో మైసూరులో రక్షణ శాఖ వాళ్లు ఆహార పరిశోధనశాల పెట్టారు. వేడి చేసుకుని తినే ప్యాకెట్లు మనం పోస్టుల మీద తిన్నాం గుర్తుందా? ఆ పరిజ్ఞానాన్నే తర్వాత ప్రైవేటు కంపెనీలు తీసుకుని బజార్లో వ్యాపారం చేశాయి. 1962లో లేహ్‌లో, పదకొండు వేల అడుగుల పైన, కూరగాయల పరిశోధనకు ఇంకొకటి మొదలైంది. దాని పుణ్యాన లడఖ్ రైతులు క్యాబేజీ, టమాటా పండించి మన లంగర్లకే అమ్ముకోగలిగారు. విమానంలో కూరగాయలు మోసే ఖర్చు ఆ మేరకు తగ్గింది, రైతుకు నగదు వచ్చింది. పరిశోధన దేశానికి తెచ్చే ఆదాయం అంటే నా దృష్టిలో ఇదీ. డిగ్లీపూర్‌లో కూడా ఇలాంటి కథలు రెండున్నాయి. మొదటిది వరిది, రెండోది సముద్రానిది.

వరి కథ చిన్నది. దీవుల్లో చాలాకాలం బర్మా నుంచి వచ్చిన సి-14-8 అన్న రకమే వేసేవారు. మొండి పంట, వానకు తట్టుకుంటుంది. కానీ చేతికి రావడానికి ఆరు నెలలు. పగటి వేళ తగ్గితేగాని వెన్ను వేయదు, కాబట్టి ఏడాదికి ఒకటే పంట. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ స్థాపించారు. ఇప్పుడది ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ. వాళ్లు కారి ధాన్ పేరుతో దీవులకు పనికొచ్చే రకాలు వరసగా విడుదల చేశారు. ఉప్పుకు తట్టుకునే రకం కూడా వాటిలో ఉంది. త్వరగా కోతకొచ్చే వరి వేస్తే అదే పొలంలో పెసరో, మినుమో, కూరగాయో ఇంకొకటి వేసుకోవచ్చు. ఓడ మీద రేషన్ వచ్చే దీవిలో ఆ రెండో పంట విలువ బస్తాల్లో లెక్కపెడితే తెలియదు. ఓడ రాని వారం బజారుకెళితే తెలుస్తుంది.

ఇక సముద్రం. దీని ప్రయోగశాల మన హైదరాబాద్‌లోనే ఉంది. సముద్రమే లేని ఊళ్లో సముద్ర పరిశోధనేమిటని నవ్వుకునేవాళ్లు ఉన్నారు గానీ, ఉపగ్రహం పంపే బొమ్మలు అందుకునే జాతీయ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోనే కాబట్టి అది సహజమే. 1999లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఏర్పడింది. పూర్తి పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉండేది ప్రగతినగర్‌లో. అదే ఏడాది మే 26న మన ఓషన్‌శాట్ మొదటి ఉపగ్రహం పైకి వెళ్లింది.

వీళ్లు చేసే పని సులువుగా చెబుతాను. సముద్రంలో వేడినీరూ చల్లనీరూ కలిసే గీతలుంటాయి. అక్కడ అడుగు నుంచి పోషకాలు పైకి వస్తాయి, పచ్చటి నాచు లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి కోసం చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప చేరతాయి. ఉపగ్రహం నీటి వేడినీ, ఆ పచ్చదనాన్నీ పైనుంచి చూస్తుంది. హైదరాబాద్‌లో ఆ రెండు బొమ్మలనూ కలిపి, చేప దొరికే అవకాశం ఉన్న చోట్లు గుర్తిస్తారు. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున, ఇన్ని డిగ్రీల బేరింగ్‌లో, ఇన్ని కిలోమీటర్లు, ఇంత లోతు అని పంపుతారు. మొదటిసారి ఆ కాగితం చూసి నాకు నవ్వొచ్చింది. అచ్చం మన మ్యాప్ రీడింగ్ క్లాసులాగే ఉంది!

జెట్టీ మీద ఒక పెద్దాయన ఉండేవాడు. పేరు రాయను. శ్రీకాకుళం నుంచి చిన్నప్పుడే వచ్చి డింగీ మీద నలభై ఏళ్లు వేట చేసినవాడు. "పెద్దయ్యా, ఆ కాగితం పనికొస్తుందా?" అని అడిగాను. "సూసి ఎల్తే డీజిలు మిగుల్తాది బాబూ, అబద్ధమెందుకు. ఊరికే ఎతకక్కర్లేదు. కానీ ఆ కాయితం మాకాడికి వచ్చేతలికి సేప ఇంకో సోటికి ఎల్లిపోతాది" అన్నాడు.

ఆయన చెప్పిన రెండు మాటల్లోనే మొత్తం ఆర్థిక శాస్త్రం ఉందని నాకనిపిస్తుంది. ఉదాహరణకు ఒక బోటుకు వేటకు పది లీటర్లు మిగిలిందనుకుందాం. నెలకు ఇరవై వేటలైతే 200 లీటర్లు. పిల్లల ఫీజుకు అది చాలు. ఆ పది లీటర్లు మిగలాలంటే సమాచారం తెల్లవారుజామున చేతికందాలి. సాయంత్రం అందితే ఆ శాస్త్రజ్ఞుడి కష్టమంతా వృథా.

ఢిల్లీలోని జాతీయ ఆర్థిక పరిశోధన మండలి 2010లో ఇచ్చిన నివేదికలో, ఈ చేపల సమాచారం వల్ల దేశానికి ఏటా 34,000 కోట్ల నుంచి 50,000 కోట్ల దాకా నికర లాభం ఉంటుందని అంచనా వేశారు. పెద్ద అంకె, సంతోషమే. కానీ నా మట్టుకు నేను దాన్ని ఒక సామర్థ్యంగానే చూస్తాను. రైఫిల్ రేంజి ఎంతో చెప్పినట్టన్నమాట. గురి చూసి కొట్టేవాడి చేతికి అందితేనే ఆ రేంజి. అండమాన్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఉపగ్రహం కన్ను మబ్బుల్లోంచి చూడలేదు. అక్కడేమో ఏడాదిలో సగానికి పైగా వానే! మబ్బు పట్టిన రోజు ఆ కాగితమే రాదు. చేప దొరికినా ఐసు లేకపోతే, ఓడ ఆలస్యమైతే, కోనెం చేప కూడా నీళ్ల ధరకే పోతుంది. దీవుల చుట్టూ మన దేశానికి దక్కిన సముద్రం ఆరు లక్షల చదరపు కిలోమీటర్లు, మొత్తం దేశానికున్న దాంట్లో దాదాపు మూడో వంతు. అక్కడ పట్టగలిగిన చేపలో చాలా భాగం పట్టకుండానే మిగిలిపోతోందంటే కారణం చేప లేకపోవడం కాదు.

లాభం ఇలా లెక్కపెట్టాం. నష్టం తప్పించడం కూడా లాభమే కదా. 2004 డిసెంబరు 26 పొద్దున్న ఆరున్నర వేళ సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూమి కంపించింది. నికోబార్‌ను అలలు నిమిషాల్లో కమ్మేశాయి. మన ఆంధ్ర, తమిళనాడు తీరాలకు చేరడానికి మాత్రం రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో చెప్పే నాథుడు లేడు. దేశంలో పదివేల మందికి పైగా పోయారు. మన యూనిఫాం సోదరులు కూడా కార్ నికోబార్‌లో కుటుంబాలతో సహా పోయారు. డిగ్లీపూర్ వైపు దెబ్బ తక్కువ. అక్కడ నేలే పైకి లేచింది. పడమటి తీరాన, ఇంటర్వ్యూ దీవి దగ్గర, పగడపు దిబ్బలు నీళ్ల పైకి వచ్చి ఎండిపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో నేల దాదాపు మీటరు కుంగింది. దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఒకే దీవుల గొలుసు, ఒక కొస లేచి ఇంకో కొస మునిగింది.

ఆ తర్వాత 2007 అక్టోబరులో హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సుమారు 125 కోట్ల ఖర్చు. భూకంపం కొలిచే యంత్రాలు, నడిసముద్రంలో తేలే బోయాలు, తీరాల వెంట అలల ఎత్తు కొలిచే పరికరాలు దానికి చెవులూ కళ్లూ. అలాంటి కొలత కేంద్రం ఒకటి మన ఏరియల్ బేలో కూడా ఉంది. ఆ కాస్త పరికరం హైదరాబాద్‌కు పంపే అంకెలు డిగ్లీపూర్‌కే గాక, విశాఖలో ఉన్నవాడికీ పనికొస్తాయి.

అది పనిచేయడం నేను చూశాను. 2012 ఏప్రిల్ 11, మధ్యాహ్నం రెండు దాటింది. లంగర్లో గిన్నెలు గలగలమన్నాయి. సుమత్రా దగ్గర 8.6, రెండు గంటల తర్వాత మళ్లీ 8.2. వెంటనే ఫాల్-ఇన్ పెట్టించాను, నఫరీ లెక్క చూసుకుని జవాన్లను ఎత్తు మీదికి పంపాను. ఊళ్లో జనం కూడా పిల్లల్ని చంకనేసుకుని కొండవైపు నడిచారు. కొద్ది నిమిషాల్లోనే హైదరాబాద్ నుంచి సమాచారం బయల్దేరింది. నికోబార్‌లో కొన్ని చోట్లకు పెద్ద హెచ్చరిక, మిగతా దీవులకు అంతకన్నా చిన్న స్థాయిది. పెద్దదైతే ఊరు ఖాళీ చేయాలి, చిన్నదైతే ఒడ్డుకు దూరంగా ఉంటే చాలు. నేల పక్కకు జరిగిన భూకంపం కావడంతో పెద్ద అల రాలేదు. సాయంత్రం చీకటి పడ్డాక జనం ఇళ్లకు చేరారు, మర్నాడు బోట్లు వేటకెళ్లాయి.

అల రాలేదు కాబట్టి హెచ్చరిక దండగ అన్నవాళ్లు మాలోనే ఉన్నారు. నేనొప్పుకోను. స్థాయిలుగా విడదీసి చెప్పడం వల్లే తీరమంతా ఖాళీ చేయించే పని తప్పింది. తీరం మొత్తం ఒక రోజు ఖాళీ చేస్తే కూలీ, వేట, వ్యాపారం పోతాయి. పైగా రెండుసార్లు ఉత్తినే పరుగెత్తించారంటే మూడోసారి ఎవడూ కదలడు. సెంట్రీ ఊరికే స్టాండ్-టు చేయిస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

సమాచారం ఆఖరి మనిషికి చేర్చడం మీద తర్వాతి కాలంలో పని జరిగింది. ఫోను సిగ్నలు లేని నడిసముద్రంలో కూడా ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు, చేపల సమాచారం అందుకునే జెమినీ అనే చిన్న పరికరాన్ని 2019లో విడుదల చేశారు. బోటులో పెట్టుకుని చేతిలోని ఫోనుకు కలుపుకోవచ్చు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దీవులకు సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. అది పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌లలో ఒడ్డుకు చేరుతుంది. డిగ్లీపూర్ ఆ వరసలో లేదు, రంగత్ నుంచి రోడ్డు వెంట పైకి రావలసిందే. ప్రస్తుతం అక్కడ ఐ.ఎన్.ఎస్. కొహస్సాలోనో, ఇంకే యూనిట్‌లోనో ఉన్న తెలుగు సోదరులు ఎవరైనా ఈ సంచిక చదివితే, ఒక ఆదివారం ఏరియల్ బే జెట్టీకి వెళ్లి, ఆ కాగితం ఇప్పుడు ఏ వేళకు అందుతోందో మనవాళ్లను అడిగి సంఘానికి రాయండి. వచ్చే సంచికలో వేయమని కార్యవర్గాన్ని నేను అడుగుతాను.