డెల్రిన్ వేణువు: లండన్‌లో పుట్టి, ఐర్లండ్‌లో పెరిగి…

ఐరిష్ ఫ్లూట్ ఐర్లండ్‌లో పుట్టలేదు. పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో, పట్నపు కచేరీల కోసం లేత్ మీద తిప్పి చేసిన కర్ర వేణువు అది. ఊదడానికి ఒకటి, వేళ్లకు ఆరు రంధ్రాలు. కొన్నిటికి పక్కన మీటలు కూడా ఉంటాయి. అడ్డంగా పట్టుకుని ఊదే తీరు మన పిల్లనగ్రోవిదే. తేడా అంతా లోపలి బోలులో ఉంది. వెదురు లోపల మొదటి నుంచి చివరి దాకా వెడల్పు ఇంచుమించు ఒకటే. ఈ ఫ్లూట్‌లో తల దగ్గర సుమారు 19 మిల్లీమీటర్లున్న బోలు, కొసకు వచ్చేసరికి పదకొండు, పన్నెండుకు సన్నబడుతుంది. పై స్థాయి స్వరాలు శ్రుతిలో నిలవడం ఆ సన్నబడడం వల్లే.

చార్లెస్ నికల్సన్ అనే ఇంగ్లిష్ విద్వాంసుడు పెద్ద రంధ్రాల ఫ్లూట్‌తో హోరెత్తించి జనాన్ని ఆకట్టుకున్నాడు. రూడాల్ అండ్ రోజ్ వంటి లండన్ కంపెనీలు ఆ బాణీని అందుకున్నాయి. ఇంతలో 1847లో మ్యూనిక్ నగరంలో థియోబాల్డ్ బోమ్ లోహపు గొట్టంతో, కొత్త మీటల అమరికతో ఇంకో ఫ్లూట్ తయారుచేశాడు. వాద్యబృందాలు క్రమంగా దానివైపు మళ్లాయి. పాత కర్ర ఫ్లూట్లు సెకండ్ హ్యాండ్ సరుకుగా చవగ్గా దొరికాయి. ఐర్లండ్ పల్లెల్లో రీళ్లు, జిగ్గులు అనే నాట్యపు వరుసలు వాయించేవాళ్లు వాటిని చేతబట్టారు. లీట్రిమ్ ప్రాంతం నుంచి 1909లో న్యూయార్క్ వెళ్లిన జాన్ మెకెన్నా, 1920ల్లో అక్కడ ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు ఆ వాదనాన్ని సముద్రం దాటించాయి.

ఇక కర్ర సంగతి. మొదట బాక్స్‌వుడ్. తర్వాత జమైకా, క్యూబాల నుంచి వచ్చిన కోకస్ కర్ర. అది అరుదైపోయాక టాంజానియా, మొజాంబిక్ అడవుల బ్లాక్‌వుడ్. మన జిట్రేగి కూడా దాని ప్రజాతిదే. ఏ కర్రకైనా తిప్పలు ఒకటే. ఊపిరి తేమకు లోపలివైపు ఉబ్బుతుంది, బయటివైపు ఎండుతుంది. ఆ లాగుడుకు పగులుతుంది. తలభాగంలో లోహపు గొట్టం బిగిస్తే మరీ ప్రమాదం: కర్ర కుంచించుకుపోతుంది, లోహం పోదు.

అందుకే కర్రకు బదులు వెతకడం ఇవాళ్టి మాట కాదు. నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో పేటెంట్ పొందిన గట్టి రబ్బరు ఎబొనైట్‌తో ఆ శతాబ్దంలోనే ఫ్లూట్లు వచ్చాయి. అవి పగలవు. కానీ వెలుతురుకు నల్లరంగు వెలిసి గోధుమరంగుకు తిరుగుతాయి, రుద్దితే గంధకం వాసన కొడతాయి.

డెల్రిన్ కథ రసాయనశాలది. పాలీఆక్సీమిథిలీన్ అనే ఈ ప్లాస్టిక్‌ను 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ పరిశీలించాడు. వేడికి విడిపోకుండా నిలిచే రూపం ఇచ్చి, 1960లో డెల్రిన్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది డ్యూపాంట్ కంపెనీ. గేర్లు, బేరింగులు, జిప్పుల కోసం చేసిన సరుకు అది. బరువులో బ్లాక్‌వుడ్ కంటే కాస్త ఎక్కువ. నీరు పీల్చడం నామమాత్రం. కర్రలాగే లేత్ మీద చక్కగా కోతకు వస్తుంది. డబ్లిన్‌లో డెసీ సీరీ, అమెరికాలో రాబ్ ఫోర్బ్స్, డేవ్ కాప్లీ వంటివారు దీనితో ఫ్లూట్లు చేసి పేరు తెచ్చుకున్నారు.

ప్లాస్టిక్‌లో నాదం పలుకుతుందా? అమెరికన్ భౌతికశాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ 1971లో ఒక పరీక్ష ప్రకటించాడు. వెండి, రాగి, కర్రలతో లోపలి కొలతలు ఒకేలా ఉన్న మూడు ఫ్లూట్లు చేసి, మూడింటికీ ఒకే రకం డెల్రిన్ తలలు తగిలించాడు. ఏది ఏదో విన్నవాళ్లూ పోల్చుకోలేదు, చూడకుండా వాయించినవాళ్లూ పోల్చుకోలేదు. నాదాన్ని నిర్ణయించేవి బోలు కొలత, ఊదే రంధ్రపు అంచును చెక్కిన తీరు.

ఇబ్రహీంపట్నంలో ఐరిష్ సంగీతం నేర్చుకోవాలనుకునేవారికి ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది. మే నెలలో పెద్దచెరువు గట్టు మీద ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, గాలిలో తడి ఉండదు. జూన్ దాటితే ముసురు. ఏడాది పొడవునా తేమగా ఉండే ఐర్లండ్‌లో చేసిన కర్ర ఫ్లూట్‌కు ఇది కఠిన పరీక్ష. ఇక్కడి వెదురు వేణువులకే పగుళ్లు రాకుండా దారం చుట్టడం మామూలే. పైగా 2017లో బ్లాక్‌వుడ్ సహా ఆ ప్రజాతి కలప వ్యాపారంపై అంతర్జాతీయ ఆంక్షలు వచ్చినప్పుడు, 2019 చివర్లో వాద్యాలకు మినహాయింపు దొరికేదాకా సరిహద్దు దాటించాలంటే కాగితాలు కావాల్సి వచ్చాయి. డెల్రిన్‌కు ఆ బెడద లేదు.

చవగ్గా వస్తుందని పీవీసీ పైపు ఫ్లూట్ కొనేవారున్నారు. వేళ్లు అలవాటవడానికి పరవాలేదు. కానీ దాని బోలు సన్నబడదు, అందువల్ల పై స్థాయి శ్రుతి జారుతుంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, డెల్రిన్ కరగాలంటే 175 కావాలి. మొదటి ఫ్లూట్‌కు మీటలు అక్కర్లేదు. డీ శ్రుతిది, అంటే మన లెక్కలో రెండో శ్రుతిది తీసుకుంటే ఎక్కువ ఐరిష్ పాటలు అందులో కుదురుతాయి. చేయి చిన్నదైతే రూడాల్ ఫ్లూట్లలో చిన్న రంధ్రాల తరహా, గట్టి ధ్వని కావాలంటే ప్రాటెన్ అనే పెద్ద రంధ్రాల పాత లండన్ నమూనా. నూనె పట్టించే పని ఉండదు కానీ, నున్నటి గోడలు తేమను పీల్చవు కాబట్టి లోపల నీటి బొట్లు త్వరగా చేరతాయి. వాయించాక గుడ్డతో తుడవాలి, అతుకుల దగ్గర కార్క్ ఉంటే అప్పుడప్పుడు గ్రీజు రాయాలి.