ఆడుతూనే కోచ్ అయిన డాన్ స్టేలీ

మొన్న అప్రైజల్ మీటింగులో మా మేనేజరు అడిగాడు, "నువ్వింక కోడింగ్ తగ్గించి టీము చూసుకోవచ్చు కదా" అని. ఆలోచించి చెప్తానని బయటపడ్డాను. కోడు రాయడం మానేస్తే నాకింక ఏమొచ్చు అన్నది నా భయం. ఆ రాత్రి నిద్ర పట్టక పాత బాస్కెట్‌బాల్ మ్యాచులు చూస్తుంటే డాన్ స్టేలీ గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో నేనూ పాయింట్ గార్డునే లెండి (టీములో అందరికన్నా పొట్టివాణ్ణి కాబట్టి, వేరే కారణం లేదు :)). అప్పట్నుంచీ ఆవిడంటే అభిమానం.

స్టేలీ 1970లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. పెరిగింది ఉత్తర ఫిలడెల్ఫియాలో, ప్రభుత్వం పేదవాళ్ళకి కట్టించిన రేమండ్ రోజెన్ కాలనీలో. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. బాస్కెట్‌బాల్‌కి ఆ ఎత్తు ఏ మూలకి? అయినా వర్జీనియా యూనివర్సిటీ జట్టుని వరసగా మూడేళ్ళు, అంటే 1990, 91, 92లో, జాతీయ పోటీల్లో చివరి నాలుగు జట్లలోకి తీసుకెళ్ళింది. కప్పు మాత్రం ఒక్కసారీ రాలేదు. 1991 ఫైనల్లో ప్యాట్ సమ్మిట్ కోచింగులోని టెనెసీ చేతిలో ఓవర్‌టైములో 70-67తో ఓడిపోయారు. స్టేలీ 28 పాయింట్లు చేసింది. ఓడిన జట్టులో ఉండి కూడా ఉత్తమ క్రీడాకారిణి అవార్డు తీసుకుంది. ఆ అవార్డు పట్టుకుని ఇంటికెళ్ళడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1992లో డిగ్రీ అయ్యేసరికి అమెరికాలో ఆడవాళ్ళకి ప్రొఫెషనల్ లీగే లేదు. ఆ ఏడాది ఒలింపిక్ జట్టులో కూడా చోటు దొరకలేదు. ఫ్రాన్స్, ఇటలీ, బ్రెజిల్, స్పెయిన్... ఎక్కడ ఆడనిస్తే అక్కడికి వెళ్ళింది. మనవాళ్ళు ఆన్‌సైట్ అంటే ఎగిరి గంతేస్తారు గానీ, ఇది వేరే దారి లేక వెళ్ళిన ఆన్‌సైట్. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం కట్టిన జట్టులో మాత్రం ఉంది. ఆ జట్టు ఏడాదిపాటు ఊళ్ళు తిరిగి 52 మ్యాచులు ఆడింది, 52 గెలిచింది. ఒలింపిక్స్‌లో ఇంకో 8. మొత్తం 60-0. ఆ ఊపులోనే రెండు లీగులు పుట్టాయి. స్టేలీ చేరింది ఏబీఎల్‌లో. అది 1998 డిసెంబరులో సీజన్ మధ్యలో మూతపడింది. 1999లో డబ్ల్యూఎన్‌బీఏలో షార్లట్ జట్టుకి మారింది.

ఇక్కణ్ణుంచే నాకు కావలసిన కథ. 2000లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ వాళ్ళు హెడ్ కోచ్‌గా రమ్మని అడిగారు. ఆవిడకి కోచింగ్ మీద ఆసక్తే లేదు, మొదట వద్దంది. అప్పటికి 30 ఏళ్ళు కూడా నిండలేదు, ఆట ఇంకా బాకీ ఉంది. చివరికి ఒప్పుకుంది గానీ ఆట మానలేదు! డబ్ల్యూఎన్‌బీఏ వేసవిలో, కాలేజీ సీజన్ చలికాలంలో. కాబట్టి వేసవిలో ఆటగత్తె, చలికాలంలో కోచ్. ఒప్పుకున్న కొద్ది నెలలకే సిడ్నీ వెళ్ళి రెండో ఒలింపిక్ స్వర్ణం తెచ్చుకుంది. 2001లో షార్లట్‌ని లీగు ఫైనల్‌కి చేర్చింది, అక్కడ లాస్ ఏంజెలెస్ చేతిలో ఓటమి. 2004 ఏథెన్స్‌లో అమెరికా జెండా పట్టుకుని ముందు నడిచింది, మూడో స్వర్ణం గెలిచింది. 2006లో ఆట నుంచి రిటైరయ్యేదాకా, అంటే ఆరేళ్ళపాటు, ఇదే వరస.

మన ఆఫీసుల్లో ఎవరైనా సగం కోడింగు, సగం మేనేజిమెంటు చేస్తానంటే రెండూ చెడతాయంటారు. చాలాసార్లు నిజమే. కానీ టెంపుల్‌లో ఎనిమిదేళ్ళలో ఆవిడ లెక్క 172 గెలుపులు, 80 ఓటములు.

2008లో సౌత్ కరోలినాకి వెళ్ళింది. అమ్మానాన్నల సొంత రాష్ట్రం అది. మొదటి సీజన్ 10 గెలుపులు, 18 ఓటములు. రెండోది 14-15. మన దగ్గరైతే ఆ రెండేళ్ళలో ఎన్ని ఎస్కలేషన్ మెయిళ్ళు వచ్చేవో! వాళ్ళు ఆగారు. 2014లో అక్కడి లోకల్ అమ్మాయి అయిజా విల్సన్ చేరింది, 2017లో మొదటి కప్పు వచ్చింది. కాలేజీ ఆడపిల్లగా మూడుసార్లు చేజారినది, 46 ఏళ్ళ వయసులో చేతికొచ్చింది. 2021లో టోక్యోలో హెడ్ కోచ్‌గా ఒలింపిక్ స్వర్ణం, 2022లో రెండో కప్పు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం 2023, 24 సీజన్లు. 2023లో 36 మ్యాచులు వరసగా గెలిచి, సెమీఫైనల్లో అయోవా చేతిలో 77-73తో ఓడారు. కైట్లిన్ క్లార్క్ ఒక్కతే 41 పాయింట్లు కొట్టింది. పైగా సౌత్ కరోలినా గార్డు రేవెన్ జాన్సన్ బయట నిలబడితే "వేసుకో పో" అన్నట్టు చెయ్యి విదిలించి వదిలేసింది. ఆ వీడియో ఊరంతా తిరిగింది. తర్వాత స్టేలీ జట్టులో మొదట దిగే అయిదుగురూ వెళ్ళిపోయారు. ఐదుగురు సీనియర్లూ ఒకేసారి పేపర్లు పెట్టిన ప్రాజెక్టు అనుకోండి. అలాంటి టీముతో 2024లో 38-0! ఫైనల్లో మళ్ళీ అదే అయోవా. మొదటి క్వార్టర్లో క్లార్క్ 18 పాయింట్లు కొట్టేసింది. క్లార్క్‌ని కాపలా కాసే పని స్టేలీ ఎవరికిచ్చిందంటారు? రేవెన్‌కి. సగం ఆట ముగిసే క్షణాల్లో రేవెన్ మైదానం మధ్యలో క్లార్క్ చేతిలోంచి బంతి లాక్కెళ్ళి బుట్టలో వేసింది. చివరికి 87-75. ఆ మ్యాచుని అమెరికాలో కోటీ 89 లక్షలమంది చూశారు, మగవాళ్ళ ఫైనల్ కన్నా ఎక్కువ.

జీతం సంగతీ చెప్పాలి. 2021లో మగవాళ్ళ జట్టు కోచ్‌తో సమానంగా ఇమ్మని పట్టుబట్టి, ఏడేళ్ళకి 2.24 కోట్ల డాలర్ల ఒప్పందం సాధించింది. అడగాలంటే మనకి నోరు పెగలదు, అది వేరే విషయం.

ఇంకొకటి. 1999లో కప్పు గెలిచిన మొదటి నల్లజాతి మహిళా కోచ్ కేరొలిన్ పెక్. తను గెలిచిన రోజు కోసిన నెట్ ముక్కొకటి స్టేలీకి ఇచ్చి, నువ్వు గెలిచాక తిరిగివ్వు అంది. 2017లో స్టేలీ గెలిచింది. తర్వాత తన నెట్‌ని ముక్కలు చేసి, దేశంలో హెడ్ కోచ్‌లుగా ఉన్న నల్లజాతి మహిళలందరికీ పంపింది.

మా మేనేజరుకి ఇంకా జవాబివ్వలేదు. సోమవారం దాకా టైముంది. ఆరు నెలలు రెండూ చేస్తాను, కోడ్ రివ్యూలు మాత్రం నా దగ్గరే ఉంచండి అని రాసిన మెయిలు డ్రాఫ్ట్స్‌లో ఉంది.