ఇనుపగొట్టము నుండి అట్టగొట్టమునకు: నమూనా రాకెట్ల చరిత్ర

తంబళ్లపల్లె ప్రాంతమున పుట్టి పెరిగినవారికి గుర్రంకొండ దుర్గమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. మదనపల్లెకు ఉత్తరమున నిటారుగా లేచిన ఆ బండకొండ, దాని పాదముననున్న రంగిన్ మహలు ఎరుగనివారు అరుదు. హైదరాలీ, టిప్పూ సుల్తానుల కాలమున అది మైసూరు రాజ్యపు ముఖ్యమైన కోటలలో నొకటి. 1791లో నిజాము సైన్యమును, ఆంగ్ల కంపెనీ దళమును కలిసి దానిని ముట్టడించినవి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన అది నిజాము పాలబడి, 1800లో దత్తమండలములతోపాటు కంపెనీ చేతికి చిక్కినది. హైదరాలీ పుట్టిన బూదికోట, మన కుప్పమునకు పొరుగుననున్న కోలారు సీమలో కలదు. ఆయన 1782 డిసెంబరు 7వ తేదీన మరణించినది చిత్తూరు చేరువ నరసింగరాయనిపేటలో దిగియున్న దండులో. ఈ పూర్వకథ యెందుకనగా, నేడు అనేక దేశములలో బాలురు వినోదముగా చేసి యెగురవేయు చిన్న రాకెట్టు వంశవృక్షమును వెదకుచు పోయిన యెడల, దాని పెద్దకొమ్మ యొకటి ఈ నేల మీదికే వచ్చి చేరును.

రాకెట్టును మైసూరువారు క్రొత్తగా కనిపెట్టలేదు. మందుగుండును గొట్టములో కూరి కర్రకు కట్టి విడుచు విద్య చీనావారిది. అది ఆసియా అంతటను, ఐరోపాలోను వ్యాపించి యెన్నో వందల యేండ్లు గడచినవి. మన ఊళ్లలో తిరునాళ్లకు కాల్చు తారాజువ్వ ఆ జాతిదే. హైదరాలీ తండ్రి ఫత్ మహమ్మదు బూదికోటలో ఏబదిమంది బాణగాండ్రకు నాయకుడని చరిత్రకారులు వ్రాసియున్నారు. అనగా ఈ విద్య ఆ యింట తండ్రినాటినుండి ఉన్నదే. మరి మైసూరువారు చేసిన మార్పు ఏమి?

తారాజువ్వ గొట్టము కాగితముతో చుట్టినది. మందు మండినప్పుడు పుట్టు వాయువు వెనుకనున్న సన్నని రంధ్రము గుండా వేగముగా వెలికిపోవును. వాయువు వెనుకకు పోయినకొలది గొట్టము ముందుకు పోవును. న్యూటను మూడవ సూత్రమును బోధించునప్పుడు ఉపాధ్యాయులు చెప్పు ఉదాహరణమిదియే. వాయువు ఎంత వేగముగా పోవలెనన్నచో లోపల పీడనము అంత హెచ్చుగా ఉండవలెను. పీడనము హెచ్చినచో కాగితము చినుగును, వెదురు పగులును. ఇచ్చటనే ఐరోపా రాకెట్టు ఆగిపోయినది. మైసూరు కమ్మరులు మెత్తని ఇనుమును రేకుగా సాగగొట్టి గొట్టముగా చుట్టిరి. సుమారు ఎనిమిది అంగుళముల పొడవు, ఒకటిన్నర మొదలు మూడు అంగుళముల వ్యాసము గల ఆ గొట్టమును నాలుగడుగుల వెదురుకర్రకు కట్టిరి. దాదాపు ఒక పౌను మందుతో అది వేయి గజముల దూరము పోయెడిది. ఐరోపాలో అప్పటికి దీనితో తులతూగు రాకెట్టు లేదు.

1780 సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురము చేరువ పొల్లిలూరు యుద్ధములో కల్నల్ బెయిలీ దళము నాశనమైనది. వారి మందుగుండు బండ్లు అంటుకొనుట రాకెట్లవలననే యని చాలమంది నమ్మకము. టిప్పూ ఈ విద్యకు క్రమశిక్షణ కూడ ఏర్పరచెను. ఆయన సైనిక గ్రంథమైన ఫతుల్ ముజాహిదీన్‌లో ఒక్కొక్క పటాలమునకు రెండువందలమంది బాణగాండ్రను కేటాయించినాడు. ఈ రాకెట్లు ఇంకను భూమిలో దొరకుచున్నవి. శివమొగ్గ జిల్లా నగరలో, అనగా పూర్వపు బిదనూరులో, ఒక పాడుబావి నుండి 2018లో వేయికి పైగా త్రుప్పుపట్టిన ఇనుపగొట్టములు బయటపడినవి. వాని పొడవు 23 నుండి 26 సెంటీమీటర్లు.

ఈ చరిత్రను ఇంజనీరు కంటితో పరిశీలించి వ్రాసినవారిలో రొద్దం నరసింహ ముఖ్యులు. రొద్దము పెనుకొండ చేరువ నున్న గ్రామము పేరు. అదే వారి ఇంటిపేరు. బెంగుళూరులో 1933లో జన్మించి, వాయుగతి శాస్త్రములో ప్రపంచఖ్యాతి గడించి, జాతీయ వైమానిక ప్రయోగశాలకు సంచాలకులుగా పనిచేసి, 2020లో కీర్తిశేషులైనారు. 1750 మొదలు 1850 వరకు మైసూరు, బ్రిటనులలో రాకెట్ల కథను వారు 1985లో వెలువరించిరి. ఆ కథలో రెండవ భాగము మనకు కొంచెము చేదుగా ఉండును. 1799లో శ్రీరంగపట్టణము కూలిన తరువాత ఇచ్చటి రాకెట్లు ఇంగ్లండులోని వూల్‌విచ్ ఆయుధశాలకు చేరినవి. విలియం కాంగ్రీవ్ 1804 ప్రాంతమున పరీక్షలు ప్రారంభించెను. 1806లో బూలోను రేవు పైనను, 1807లో కోపెన్‌హాగను పైనను ఆయన రాకెట్లు పడినవి. మన కమ్మరి ఒకచోట ఇనుప రేకును ఎట్లు చుట్టవలెనో తెలిసికొన్నాడు. వారు దానిని కొలతలు వేసి, పట్టికలు వ్రాసి, ఒకే తీరున వేలకొలది చేసిరి. తేడా చేతిపనిలో కంటె లెక్క వ్రాయుటలో ఉన్నదని నా అభిప్రాయము.

కాంగ్రీవ్‌కు పెద్ద తలనొప్పి కర్ర. ముప్పదిరెండు పౌనుల రాకెట్టుకు పదునైదు అడుగుల కర్ర కట్టవలసి వచ్చెను! ప్రక్కన కట్టిన కర్ర రాకెట్టును ఒకవైపునకు లాగును. కనుక 1815లో దానిని నడిమికి మార్చెను. 1844లో విలియం హేల్ అను నతడు కర్రనే తీసివేసి, వెలికిపోవు వాయువుచేతనే రాకెట్టును బొంగరమువలె తిరుగునట్లు చేసెను.

కర్ర యెందుకు కావలెనో విద్యార్థులు తెలిసికొనదగిన విషయము. ఎగురుచున్న వస్తువు ఏ బిందువు చుట్టు తిరుగునో అది గరిమనాభి. గాలి ప్రక్కనుండి త్రోయు బలమంతయు ఏ బిందువు వద్ద పనిచేయుచున్నట్లు లెక్కింపవచ్చునో అది పీడన కేంద్రము. పీడన కేంద్రము గరిమనాభికి వెనుక నున్నచో, రాకెట్టు ముక్కు ప్రక్కకు తిరిగినప్పుడు గాలి తోకను నెట్టి మరల దారిలో పెట్టును. ముందున్నచో ముక్కును మరింత త్రిప్పివేయును. రాకెట్టు పల్టీలు కొట్టును. పొడవైన వెదురు గరిమనాభిని కొంత వెనుకకు జరుపునన్న మాట నిజమే. కాని పీడన కేంద్రమును అంతకంటె ఎక్కువ వెనుకకు జరుపును. బాణమునకు ఈకలు కట్టుటలోని రహస్యము కూడ ఇదియే. ఈకలవంటి రెక్కలే పెట్టిన యెడల కర్ర అక్కరలేదు. నేటి నమూనా రాకెట్లకు తోకన మూడో నాలుగో రెక్కలుండుట ఇందుకే.

ఇక ఇరువదవ శతాబ్దికి వత్తము. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ దేశము స్పుత్నిక్‌ను పంపినది. అమెరికాలో బడిపిల్లలకు రాకెట్ల పిచ్చి పట్టినది. ఇంటిలో దొరికిన రసాయనములను, అగ్గిపుల్లల తలలను ఇనుపగొట్టములలో కూరి వెలిగించిన పిల్లలు వ్రేళ్లు, కన్నులు పోగొట్టుకొనిరి. కొందరు ప్రాణములే కోల్పోయిరి. మైసూరు సైనికునకు మేలుచేసిన ఇనుపగొట్టమే ఇచ్చట శత్రువైనది. పగిలినప్పుడు ఇనుము ముక్కలు ముక్కలై గుండ్లవలె చిమ్ముకొనును గదా!

పరిష్కారము రాకెట్టు కేంద్రముల నుండి రాలేదు, చెప్పుల దుకాణము నుండి వచ్చినది. నెబ్రాస్కా రాష్ట్రములో నార్‌ఫోక్ అను చిన్న పట్టణమున ఆర్విల్ కార్లైల్ చెప్పుల వ్యాపారి. బాణసంచా ఆయనకు సరదా; ఆయన సోదరునకు నమూనా విమానముల సరదా. 1954లో ఆయన కాగితపు గొట్టముతో, తేలికకర్ర రెక్కలతో, పారాచూటుతో దిగివచ్చు చిన్న రాకెట్టును చేసెను. వైట్ శాండ్స్ పరీక్షాక్షేత్రములో పనిచేయుచుండిన హారీ స్టైన్ బాలుర ప్రమాదములను గూర్చి వ్రాసిన వ్యాసము చదివి, 1957లో తన నమూనాలను ఆయనకు పంపెను. స్టైన్ వానిని ఎగురవేసి చూచి, వెంటనే దాని విలువ గ్రహించినాడు. ఒక కంపెనీ పెట్టినాడు. కాని కావలసినన్ని మోటార్లు చేయువారు లేరు. డెన్వరు నగరపు బాణసంచా కుటుంబమునకు చెందిన వెర్న్ ఎస్టెస్ ఆ పనికి ఒప్పుకొని 1959లో ఒక యంత్రమును నిర్మించెను. దానికి ముద్దుగా మేబెల్ అని పేరు. ఐదున్నర సెకన్లకు ఒక మోటారు చొప్పున అది తయారుచేయసాగినది.

ఇందులో గొప్పతనమేమి యనగా, మందు కూరు పని పిల్లవాని చేతినుండి తప్పిపోయినది. మోటారు బజారులో కొనునది. దట్టముగా చుట్టిన అట్టగొట్టము, లోపల గట్టిగా నొక్కిన మందు, వెనుక మట్టితో చేసిన మూతి. సాధారణమైన దాని వ్యాసము 18 మిల్లీమీటర్లు, పొడవు 70 మిల్లీమీటర్లు. ఒకవేళ చెడినను అట్ట చినుగునే గాని ఇనుపముక్కలు ఎగురవు. అగ్గిపుల్ల ముట్టించుటకు మారుగా, దూరముగా నిలిచి విద్యుత్తుతో వెలిగింతురు. రాకెట్టు దేహములో లోహము ఉండరాదు. ఇనుము చేత గెలిచిన రాకెట్టు పిల్లల చేతికి రావలెనన్నచో ఇనుమును విడిచి కాగితమునకు తిరిగి రావలసి వచ్చినది.

మోటారుపై వ్రాయు గుర్తులు కూడ చక్కని పాఠము. అక్షరము మొత్తము ప్రచోదనమును తెలుపును. ఎ అనగా 2.5 న్యూటను-సెకనుల వరకు, బి అనగా 5 వరకు, సి అనగా 10 వరకు. ఒక్కొక్క అక్షరమునకు రెట్టింపు. తరువాతి అంకె సగటు బలము, న్యూటనులలో. చివరి అంకె మందు మండిపోయిన తరువాత పారాచూటు విడుటకు పట్టు సెకనులు. సి6-5 అని యున్నచో ఆరు న్యూటనుల సగటు బలము, ఐదు సెకనుల ఆలస్యము.

మోటారు మార్చరానిది కాబట్టి మార్పులన్నియు దేహమునందే చేయవలెను. రెక్కల ఆకారము, సంఖ్య, గొట్టము పొడవు, ముక్కు బరువు: ఈ నాలుగింటితో విద్యార్థి ఎన్నియో ప్రయోగములు చేయగలడు. మార్చిన ప్రతిసారియు ఒక పరీక్ష తప్పనిసరి. మోటారు పెట్టిన రాకెట్టును సరిగా గరిమనాభి వద్ద పొడవాటి దారముతో కట్టి తల చుట్టు త్రిప్పవలెను. ముక్కు ముందుగా తిరిగినచో సరే. తోక ముందుకు వచ్చినచో, అడ్డముగా తిరిగినచో, రెక్కలు పెంచవలెను, లేదా ముక్కులో కొంత మైనము పెట్టవలెను. పీడన కేంద్రము గరిమనాభికి కనీసము గొట్టపు వ్యాసమంత వెనుకగా ఉండుట మేలు.

మన దేశపు కథ వేరు త్రోవన నడచినది. 1963 నవంబరు 21న తుంబా నుండి మొదటి రాకెట్టు లేచినది; అది అమెరికా వారి నైకీ-అపాచీ. అదే సంవత్సరము అమెరికాలోని వాలప్స్ కేంద్రమునకు వెళ్లిన అబ్దుల్ కలాం అచ్చట గోడపై టిప్పూ సైనికులు రాకెట్లు వేయుచున్న చిత్రమును చూచి ఆశ్చర్యపడితినని తన ఆత్మకథలో వ్రాసికొన్నారు. 1967 నవంబరు 20న ఎగిరిన మన రోహిణి-75 వ్యాసము 75 మిల్లీమీటర్లు మాత్రమే. మైసూరు బాణపు లావుపాటి గొట్టమునకు దాదాపు సమానము! 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి రోహిణి-125 లేచినది.

మన పల్లెలలో ఎస్టెస్ మోటారు వంటివి దుకాణమున దొరకునవి కావు. ఇంట మందు నూరి కూరుట ప్రాణాపాయము. లైసెన్సు లేక చేయుట 1884 నాటి పేలుడు పదార్థముల చట్టము క్రింద నేరము కూడ. తారాజువ్వ మందు విప్పి మరొక గొట్టములో పోయుట కూడ ఇందులోనిదే. తరగతిలో చురుకైన బాలురకే ఈ బుద్ధి పుట్టును గనుక ఉపాధ్యాయులు ముందుగనే చెప్పవలెను. కాని మందు లేకుండ రాకెట్టు విద్య అంతయు నేర్పుటకు నీరు, గాలి చాలును. రెండు లీటర్ల ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలో మూడవ వంతు నీరు పోసి, మూతికి కవాటము గల రబ్బరు బిరడా బిగించి, తలక్రిందులుగా నిలిపి, సైకిలు పంపుతో గాలి కొట్టవలెను. బిరడా జారగానే నీరు క్రిందికి చిమ్మి సీసా పైకి లేచును. గీతలు పడిన సీసాను గాని, గాజు, లోహపు పాత్రలను గాని వాడరాదు. పీడనము చదరపు అంగుళమునకు 50 పౌనులు మించరాదు. చూచువారు దూరముగా నిలువవలెను. పంపు కొట్టువారికి కంటి అద్దములుండవలెను.

దారపు పరీక్ష దీనికిని వర్తించును. కాని సీసాను ఖాళీగా ఉంచి చేయవలెను. నీరు సెకనులో చిన్న భాగములోనే పోవును గదా, మిగిలిన ప్రయాణమంతయు ఖాళీ సీసాదే.

ఎత్తు కొలుచుటకు కోణమాని, దారము, గులకరాయి చాలును. వేరుసెనగ పీకిన చేనివంటి బయలులో, రాకెట్టు లేచు చోటికి 50 మీటర్ల దూరమున ఒకరు నిలిచి, అది అత్యంత ఎత్తుననున్నప్పటి కోణమును చూడవలెను. కోణము 31 డిగ్రీలైనచో దాని టాంజెంటు 0.6. కనుక ఎత్తు 30 మీటర్లు. దానికి చూచినవాని కంటి ఎత్తు కలుపవలెను. గాలికి రాకెట్టు ఒరగును గాన ఎదురెదురుగా ఇద్దరు నిలిచి చూచుట మంచిది. ఇట్లు నీరు లేకుండ ఒకసారి, పావువంతుతో, మూడవవంతుతో, సగముతో ఒక్కొక్కసారి ఎగురవేసి, పీడనము మార్చక, ఎత్తులను గ్రాఫు కాగితముపై గుర్తించిన యెడల, గీత మూడవవంతు ప్రాంతమున పైకి లేచి, సగము వైపు దిగుటను విద్యార్థులు తామే కనుగొందురు. నీరు తక్కువైనచో వెలికిపోవు ద్రవ్యరాశి చాలదు. ఎక్కువైనచో దానిని త్రోయుటకు గాలికి చోటు చాలదు.